పాట ఎవరిది? కర్టిస్ మేఫీల్డ్ సంగీత జీవితం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన అంశం అమెరికా నల్లజాతివాళ్ల సోల్ సంగీతం. గంటలో చెప్పదగ్గ విషయం కాదు కనుక, నిర్వాహకుల అనుమతితో దాన్ని ఒక్క మనిషికి కుదించుకున్నాను. ఆయన పేరు కర్టిస్ మేఫీల్డ్. 1942 జూన్ 3న షికాగోలో పుట్టాడు, 1999 డిసెంబర్ 26న జార్జియా రాష్ట్రంలోని రాస్వెల్‌లో కన్నుమూశాడు. పాట రాశాడు, వరస కట్టాడు, తానే పాడాడు, గిటారు వాయించాడు, ఇతరుల చేత పాడించి రికార్డులు నిర్మించాడు. రాయడం, కట్టడం, పాడడం ఒక్కరే చేస్తే అలాంటివాణ్ణి మనం వాగ్గేయకారుడు అంటాం. మేఫీల్డ్ ఈ మూడింటికీ మరొకటి జోడించాడు. తాను కట్టిన పాట మీద హక్కు కాగితం కూడా తన పేరు మీదే ఉండాలని ఇరవై ఏళ్లు నిండకముందే పట్టుపట్టాడు. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆ గొంతులోని మెత్తదనాన్ని తలుచుకుంటారు. ఆ మెత్తని గొంతు పక్కనే ఒక జమాఖర్చుల పుస్తకం కూడా ఉండేదనీ, ఆ రెంటినీ విడదీసి చూస్తే మనిషి సగమే కనిపిస్తాడనీ నా అభిప్రాయం.

ముందుగా ఆయన గిటారు సంగతి. మీలో హార్మోనియం ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లాక ఒక పని చేసి చూడండి. నల్ల మెట్లు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి కదా, మూడు మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం అనుకుని, తెల్లవాటి జోలికి పోకుండా నల్లవాటి మీదే పైకి వెళ్లండి. స రి గ ప ద అంటూ అచ్చంగా మోహన రాగం పలుకుతుంది. మేఫీల్డ్ చిన్నతనంలో పియానో మీద ఈ నల్ల మెట్లతోనే వేళ్లు ఆడించుకున్నాడు. తర్వాత గిటారు చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎలా శ్రుతి చేయాలో చెప్పే గురువెవరూ లేకపోవడంతో, బిరడాలు తిప్పి తనకు తెలిసిన ఆ నల్ల మెట్లకే తీగలను సరిపెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఆరు తీగలూ వరసగా స, గ, ప, స, గ, స. ఏ తీగనూ నొక్కకుండా ఊరికే మీటినా నిండైన స్వరాల కలయిక ఒకటి మోగుతుంది. లోకంలో మిగతా గిటారు వాద్యకారులు వాడే శ్రుతితో పోలిస్తే ఆరింటిలో ఒక్క తీగ కూడా కలవదు. ఎంత పండిన వాద్యకారుడైనా ఆయన గిటారు తీసుకుంటే, అలవాటైన వేళ్లకు ఏ స్వరమూ ఉండవలసిన చోట దొరకదన్నమాట. తర్వాత శాస్త్రీయమైన పద్ధతి ఏమిటో తెలిసినా ఆయన ఆ శ్రుతిని మార్చుకోలేదు, చివరిదాకా దానితోనే వాయించాడు. జిమీ హెండ్రిక్స్ అంతటి వాద్యకారుడు నెమ్మదైన పాటల్లో మేఫీల్డ్ పోకడలను శ్రద్ధగా అనుసరించాడంటే, ఆ తెలియనితనం ఎంతటి సొంత బాణీని పుట్టించిందో ఊహించుకోవచ్చు.

తండ్రి చిన్నప్పుడే ఇల్లు విడిచిపోయాడు. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని షికాగోలో ఒక బస నుంచి మరో బసకు మారుతూ చివరికి కాబ్రినీ గ్రీన్ అనే ప్రభుత్వ గృహసముదాయానికి చేరింది. నానమ్మ యానీ బెల్ ఒక చిన్న చర్చిలో ప్రబోధకురాలు. ప్రబోధం చేసేవాళ్ల మాట ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సభ అందుకుంటుందో ఆ కుర్రవాడికి అక్కడే వంటబట్టింది. ఆ చర్చిలోనే జెర్రీ బట్లర్ అనే మరో కుర్రవాడు జతపడ్డాడు. ఇద్దరూ కలిసి భక్తిగీతాల బృందంలో పాడారు. తర్వాత టెనెసీ నుంచి వచ్చిన మరో ముగ్గురితో కలిసి ఇంప్రెషన్స్ అనే బృందంగా ఏర్పడ్డారు. మేఫీల్డ్ హైస్కూలు చదువు మధ్యలోనే మానేశాడు.

1958లో వీ జే కంపెనీ వాళ్ల మొదటి పెద్ద రికార్డు తెచ్చింది. ఫర్ యువర్ ప్రెషస్ లవ్ అన్న ఆ పాట దేశంలో బాగా నడిచే పాటల సాధారణ జాబితాలో 11వ స్థానం దాకా ఎక్కింది. అయితే అచ్చయి వచ్చిన రికార్డు మీద బృందం పేరు ఒక్కటే లేదు. జెర్రీ బట్లర్ అండ్ ది ఇంప్రెషన్స్ అని ఉంది. ఒకడి పేరు ముందుకు వచ్చి మిగతా నలుగురూ వెనకకు పోయారు. బట్లర్ అడిగి వేయించుకున్నది కాదు, కంపెనీ చేసిన పని. అయినా మనసులు విరిగాయి, కొద్ది నెలల్లో బట్లర్ విడిపోయాడు. (ఈ బట్లర్ తర్వాతి కాలంలో షికాగో ఉన్న కుక్ కౌంటీకి ఎన్నికైన కమిషనర్‌గా మూడు దశాబ్దాలకు పైగా పనిచేశాడు. పాటగాళ్లలో ఇంత సుదీర్ఘ రాజకీయ జీవితం అరుదు.) అప్పటికి పదహారో ఏట ఉన్న మేఫీల్డ్ దీన్నుంచి ఏం నేర్చుకున్నాడో ఆయన తర్వాత చేసిన పనులు చూస్తే తెలుస్తుంది. రికార్డు మీది ఆ గుండ్రని కాగితం మీద ఏ పేరు ఉండాలో పాడినవాడు నిర్ణయించలేడు, అచ్చు వేయించినవాడు నిర్ణయిస్తాడు.

ఆ తర్వాత మేఫీల్డ్ అదే బట్లర్‌కు గిటారు వాద్యకారుడిగా ఊరూరా తిరిగాడు. 1960లో ఇద్దరూ భాగస్వాములుగా కట్టిన హి విల్ బ్రేక్ యువర్ హార్ట్ నల్లజాతి సంగీతపు జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ తిరుగుళ్లలో మిగిల్చుకున్న వెయ్యి డాలర్లతో పాత మిత్రుల్ని మళ్లీ కూడగట్టి న్యూయార్క్ తీసుకువెళ్లి, 1961లో జిప్సీ వుమన్ రికార్డు చేయించాడు. ఏబీసీ పారమౌంట్ విడుదల చేసిన ఆ పాట ఇంప్రెషన్స్‌కు రెండో జన్మ. దాదాపు అదే సమయంలో కర్టమ్ అన్న పేరుతో సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నాడు. కర్టిస్ లోని కర్ట్, మేనేజరు ఎడ్డీ థామస్ పేరు లోని టామ్ కలిస్తే కర్టమ్.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు, విసుక్కోకండి. అమెరికాలో 1909 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు అమ్ముడైన ప్రతిసారీ పాటకు చెల్లవలసిన రుసుము రెండు సెంట్లు. 1978లో కొత్త చట్టం అమలులోకి వచ్చేదాకా అదే రేటు. పాడినవాడికి ఇచ్చేది వేరు, ఇది పాటకు చెల్లేది. వాడుక ప్రకారం అందులో సగం రచయితకు, సగం ప్రచురణకర్తకు. పది లక్షల రికార్డులు అమ్ముడైతే ఇరవై వేల డాలర్లు వస్తాయి, అందులో పది వేలు పాట పుట్టుకతో ఏ సంబంధమూ లేని ప్రచురణ సంస్థకు పోతాయి. రచయితే ప్రచురణకర్త అయితే ఇరవై వేలూ ఇంట్లోనే ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది, ఆ పాటను ఇంకెవరైనా పాడినా, ముప్ఫై ఏళ్ల తర్వాత మరెవరైనా వాడుకున్నా, కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడగాలి. గాయకుడు శామ్ కుక్ అప్పటికే ఈ దారి తొక్కాడు. అయినా చదువు మానేసిన ఒక నల్లజాతి కుర్రవాడు ఆ వయసులో ఈ లెక్క పట్టుకోవడం ఆ కాలానికి మామూలు విషయం కాదు. మన దేశంలో సినిమా పాటల రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీలో విడదీయలేని వాటా ఉందని చట్టం గట్టిగా చెప్పింది 2012 సవరణతోనే అన్నది తలుచుకుంటే ఆ ముందుచూపు విలువ మనకు ఇంకొంచెం బాగా అర్థమవుతుంది.

1960ల మొదటి సగంలో ఆయన చేతిలోంచి పాటలు ధారగా వచ్చాయి. తన బృందానికి కట్టినవి చాలక షికాగోలో ఓకే అనే రికార్డు కంపెనీ గాయకులకు కట్టి ఇచ్చాడు. మేజర్ లాన్స్ పాడిన మంకీ టైమ్ వాటిలో బాగా పేరు పొందింది. జీన్ చాండ్లర్‌కూ ఇచ్చాడు. బృందంలో ఈలోగా ఇద్దరు తప్పుకోగా మేఫీల్డ్, శామ్ గూడెన్, బట్లర్ స్థానంలో వచ్చిన ఫ్రెడ్ క్యాష్ ముగ్గురే మిగిలారు. ఐదుగురి బృందం ముగ్గురికి తగ్గితే బలహీనపడాలి. ఇక్కడ తిరగబడింది. మేఫీల్డ్ గొంతు మామూలుగానే పై స్థాయిలో సంచరిస్తుంది. మన సంగీతం మాస్టార్లు దొంగ గొంతు అని కసురుకునే ఆ పలుచని గొంతే ఆయన అసలు గొంతు. అటువైపు గూడెన్ మంద్రం, మధ్యలో క్యాష్. పాదం మొదట్లో ఒకరు ఎత్తుకుంటే చివరికి వచ్చేసరికి ముగ్గురూ కలుస్తారు, ఒక్కోసారి పాదం సగంలోనే ప్రధాన గాత్రం ఒకరి నుంచి మరొకరికి చేతులు మారుతుంది. బుర్రకథలో వంతల మాదిరి కథకుడి వెనక తానతందానలు అందుకోవడం కాదు, ఇక్కడ కథకుడే మారిపోతూ ఉంటాడు. 1963లో ఇట్స్ ఆల్ రైట్ ఆ పద్ధతిని దేశమంతటికీ వినిపించింది. నాష్‌విల్‌లో ఒక ప్రదర్శన విరామంలో మేఫీల్డ్ ఏదో చెబుతూ ఉంటే క్యాష్ మాటిమాటికీ ఆ మాటే అంటూ వచ్చాడనీ, అదే పల్లవి అయిందనీ చెబుతారు. జమైకాలో బాబ్ మార్లీ, ఆయన మిత్రులు వెయిలర్స్ బృందం కట్టినప్పుడు నమూనాగా పెట్టుకున్నది ఈ ముగ్గురి గాత్రాలనే.

ఇదే కాలంలో పాటల్లోకి పౌరహక్కుల పోరాటం వచ్చింది. 1964లో కీప్ ఆన్ పుషింగ్, 1965లో పీపుల్ గెట్ రెడీ. రెండోదాని గురించి ఒక మాట. అందులో ఎక్కడా ఉద్యమం అన్న మాట లేదు, చట్టం లేదు, ఊరేగింపు లేదు. ఒక రైలు వస్తోంది, ఎక్కడానికి టికెట్ అక్కర్లేదు, సామాను అక్కర్లేదు. బానిసత్వపు రోజుల నుంచీ నల్లజాతి భక్తిగీతాల్లో రైలు విముక్తికి గుర్తు, ఆ సంగతి వినేవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. చర్చిలో పాడుకోవచ్చు, రేడియోలో వేయవచ్చు, పోలీసుల ఎదుట చేతులు పట్టుకుని నిలబడి పాడుకోవచ్చు. అడ్డు చెప్పడానికి సాకు దొరకని పాట అది. 1967 చివరలో వచ్చిన వి ఆర్ ఎ విన్నర్ అంత మర్మంగా లేదు. మనం గెలిచేవాళ్లం అని నల్లజాతివాళ్లతో సూటిగా చెప్పింది. కొన్ని రేడియో కేంద్రాలు వేయడానికి నిరాకరించాయి. అయినా నల్లజాతి సంగీతపు జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది.

మార్లీ ప్రస్తావన వచ్చింది కనుక ఆ సంగతి ఇక్కడే ముగిస్తాను. వెయిలర్స్ 1965లో వన్ లవ్ పాటను మొదటిసారి రికార్డు చేసినప్పుడు అందులో పీపుల్ గెట్ రెడీ ఛాయలు ఉన్నా మేఫీల్డ్ పేరు ఎక్కడా లేదు. అప్పట్లో జమైకాలో ఇలాంటివి అడిగే నాథుడు లేడు. 1977లో అదే పాట ప్రపంచమంతా విడుదలయ్యేనాటికి పేరు వేయక తప్పలేదు. ఈనాటికీ ఆ పాట శీర్షికలోనే పీపుల్ గెట్ రెడీ అన్న మాటలున్నాయి, రచయితలుగా మార్లీ, మేఫీల్డ్ ఇద్దరూ ఉన్నారు.

1968లో కర్టమ్ ప్రచురణ సంస్థతో ఆగకుండా రికార్డు కంపెనీ కూడా అయింది. డానీ హాత్‌వే లాంటి అద్భుతమైన సంగీతజ్ఞుడు మొదట్లో అక్కడ పనిచేశాడు. 1970లో మేఫీల్డ్ ఇంప్రెషన్స్ నుంచి గాయకుడిగా తప్పుకుని తన మొదటి సొంత ఆల్బమ్ తెచ్చాడు, పేరు కర్టిస్. అందులోని మూవ్ ఆన్ అప్ దాదాపు తొమ్మిది నిమిషాలు సాగుతుంది. సాహిత్యం సగంలోనే అయిపోతుంది, మిగతాదంతా బూరలూ, హెన్రీ గిబ్సన్ కాంగా డోళ్లూను. పాట అయిపోయాక కూడా పరుగు ఆగని ఆ భాగమే దాని ప్రాణమని నేననుకుంటాను. విచిత్రమేమిటంటే అమెరికాలో అది జాబితాకు ఎక్కలేదు, బ్రిటన్‌లో 1971లో 12వ స్థానం దాకా వెళ్లింది. తర్వాత కాన్యే వెస్ట్ 2005లో తన టచ్ ద స్కై పాటను ఆ బూరల మీదే నిలబెట్టాడు, రచయితల్లో మేఫీల్డ్ పేరు వేశాడు.

ఇప్పుడు 1972. గోర్డన్ పార్క్స్ జూనియర్ దర్శకత్వంలో సూపర్ ఫ్లై అనే సినిమా తయారైంది. కథానాయకుడు న్యూయార్క్‌లో కొకైన్ వ్యాపారి. చివరగా ఒక పెద్ద బేరం చేసి ఆ వృత్తి మానేయాలనుకుంటాడు. మంచి కోట్లు, పెద్ద కారు, పోలీసుల్ని మించిన తెలివి. సంగీతం మేఫీల్డ్‌కు అప్పగించారు. కథ కాగితం మీద చదివినప్పుడు నచ్చింది. తెర మీద చూశాక మాత్రం అది కొకైన్‌కు ప్రకటన చిత్రంలా తోచిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అలాంటి చోట సంగీత దర్శకుడు ఏం చేస్తాడు? డబ్బు తీసుకుని సన్నివేశానికి తగ్గట్టు వాయించి ఇచ్చి వెళ్లిపోతాడు. లేదా తప్పుకుంటాడు. మేఫీల్డ్ ఈ రెండూ చేయలేదు. బొమ్మ చెబుతున్నదానికి ఎదురు చెప్పే పాటలు కట్టాడు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. సినిమాలో ఫ్రెడ్డీ అనే చిన్న పాత్ర ఉంది. లావుపాటి మనిషి, మెత్తనివాడు, భార్య మీద ప్రేమ, అప్పుల పాలై ఆ వ్యాపారంలో తన వాటా పని చేస్తూ ఉంటాడు. పోలీసుల చేతిలోంచి తప్పించుకు పారిపోతూ కారు కింద పడి చనిపోతాడు. సినిమా ఆ చావు దగ్గర ఆగదు, కథానాయకుడి వెంట ముందుకు పోతుంది. పాటల రచయిత ఆగాడు. ఫ్రెడ్డీస్ డెడ్ అని ఒక పాట మొత్తం వాడి కోసం కట్టాడు. అందరూ వాణ్ణి వాడుకున్నారు, ఇప్పుడు వాడు పోయాడు, మీకేం పట్టింది అని అడుగుతుంది ఆ పాట. అడిగేది కేకలు పెట్టి కాదు, అదే పలుచని గొంతుతో, పక్కింట్లో చావు కబురు చెప్పినంత నెమ్మదిగా. కింద బాస్ గిటారు మాత్రం కదిలి నడిపిస్తూనే ఉంటుంది, కాలు ఆడించకుండా వినడం కష్టం. కాలు ఆడిస్తూనే సిగ్గుపడతాం. ఈ చమత్కారం ఆయనది.

ఆల్బమ్ సినిమా కంటే ముందే దుకాణాలకు చేరింది. దాంతో కుర్రకారు హాల్లో కూర్చునేసరికే ఫ్రెడ్డీ చావు సంగతి వాళ్లకు తెలుసు. ఆల్బమ్ నాలుగు వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది, ఫ్రెడ్డీస్ డెడ్ 4వ స్థానానికి, సూపర్‌ఫ్లై 8వ స్థానానికి ఎక్కాయి. సినిమా సంపాదించినదాని కంటే సంగీతం ఎక్కువ సంపాదించింది. కర్టమ్ సొంత కంపెనీ కనుక ఆ రాబడి ఎటు పోయిందో వేరే చెప్పనక్కర్లేదు. ఫ్రెడ్డీస్ డెడ్‌కు ఆస్కార్ మాత్రం అందలేదు, పోటీకే పనికిరాదన్నారు. తెర మీద వినిపించేది ఆ పాట వాద్యరూపం మాత్రమే, సాహిత్యం లేదు కాబట్టి నిబంధన ఒప్పుకోదట. బొమ్మకు ఎదురు చెప్పిన మాటలే బొమ్మలో లేవన్నమాట.

ఇంతదాకా ఆయన్ను మెచ్చుకుంటూనే వచ్చాను. రెండో వైపు కూడా చెప్పాలి. ఈ ఆల్బమ్‌కూ, అంతకు ముందు ఇంప్రెషన్స్ పాటలకూ వాద్యగోష్ఠి కూర్చినవాడు జానీ పేట్. బూరలూ, వయొలిన్లూ ఎక్కడ ప్రవేశించాలో, ఎక్కడ తప్పుకోవాలో నిర్ణయించింది ఆయనే. సూపర్ ఫ్లైలో సాహిత్యం లేని రెండు వాద్యరచనలు ఉన్నాయి. వాటికి రచయితగా మేఫీల్డ్ పేరు ఒక్కటే వేశారు. అవి తన రచనలని పేట్ వాదించాడు. దాంతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన ఆ ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఆ స్వరాలు మొదట ఎవరి బుర్రలో పుట్టాయో నేను తేల్చలేను. అయితే కాగితం విలువ తెలిసినవాడు కాగితాన్ని వదులుకోవడానికి ఎంత వెనకాడతాడో అందులో కనిపిస్తుంది. 1958లో రికార్డు మీద పేర్ల వరస చూసి నొచ్చుకున్న కుర్రవాడు పద్నాలుగేళ్లకు పేర్లు నిర్ణయించే కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ నుంచి చూస్తే పక్కవాడి పేరు చిన్నగా కనిపిస్తుంది కాబోలు.

తర్వాతి నాలుగైదేళ్లలో ఆయన సినిమాలకు పాటలు కట్టి వేరేవాళ్ల చేత పాడించాడు. నిర్మాతగా ఆయన ప్రతిభ ఇక్కడ తేటపడుతుంది. క్లాడిన్‌కు గ్లాడిస్ నైట్ బృందం, లెట్స్ డు ఇట్ అగైన్‌కు స్టేపుల్ సింగర్స్, స్పార్కిల్‌కు అరీథా ఫ్రాంక్లిన్. ఎవరికి ఇచ్చినది వాళ్ల గొంతుకే పుట్టినట్టు ఉంటుంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం 1975లో తానే పాడిన దేర్ ఈజ్ నో ప్లేస్ లైక్ అమెరికా టుడే. పెద్దగా అమ్ముడుపోలేదు. అట్ట మీది బొమ్మ చూడండి. పైన ప్రకటన పలకలో కారులో నవ్వుతున్న తెల్ల కుటుంబం, కింద వరసలో నిలబడ్డ నల్లవాళ్లు. 1937 వరదల తర్వాత లూయీవిల్‌లో మార్గరెట్ బర్క్ వైట్ తీసిన ప్రసిద్ధ ఛాయాచిత్రం దానికి ఆధారం. నలభై ఏళ్లనాటి బొమ్మకు టుడే అన్న మాట తగిలించడంలోనే చెప్పవలసింది ఉంది.

డిస్కో రోజులు ఆయనకు అచ్చిరాలేదు. షికాగో విడిచి అట్లాంటాకు మకాం మార్చాడు, 1980ల్లో రికార్డులు తగ్గాయి, కచేరీలు సాగాయి.

1990 ఆగస్టు 13 సాయంత్రం బ్రూక్లిన్‌లోని వింగేట్ ఫీల్డ్ అనే మైదానంలో ఆరుబయట కచేరీ. ఆయన గిటారు మెడలో వేసుకుని వేదిక మెట్లు ఎక్కాడు. హఠాత్తుగా ఈదురుగాలి లేచి, దీపాలు అమర్చిన గోపురం కూలి మీద పడింది. ఒక్క పాట కూడా మొదలుకాలేదు. తేరుకుని చూసుకుంటే చేతిలో గిటారు లేదు, కాళ్లకు బూట్లు లేవు, కళ్లజోడు లేదు, తాను నేల మీద ఉన్నానని తర్వాత గుర్తు చేసుకున్నాడు. మెడ నుంచి కిందికి శరీరం మరి కదలలేదు. ఆరు తీగలనూ తనకు తోచినట్టు శ్రుతి చేసుకున్న ఆ చేతులు ఇక గిటారు పట్టలేదు.

గొంతు ఉంది. కానీ పాటకు గొంతు ఒక్కటే చాలదు, కింద ఊపిరిని తోసే కండరాలు కావాలి, అవి ఆయన మాట వినవు. కుర్చీలో కూర్చోబెడితే పాడేంత గాలి చాలేది కాదు. వెల్లకిలా పడుకుంటే మాత్రం శరీరం బరువే కొంత సాయం చేసి ఊపిరితిత్తులు నిండేవి. అలా పడుకోబెట్టి, మైకు నోటి మీదికి వంచి, ఒక్కో పాదం పాడించుకుని, మధ్యలో విశ్రాంతి ఇచ్చి, తర్వాతి పాదం పాడించుకుని, ఆ ముక్కలన్నీ అతికి ఒక ఆల్బమ్ పూర్తి చేశారు. 1996లో న్యూ వరల్డ్ ఆర్డర్ పేరుతో విడుదలైంది. అరీథా ఫ్రాంక్లిన్, మేవిస్ స్టేపుల్స్ వచ్చి గొంతు కలిపారు. రెండేళ్లకు మధుమేహం వల్ల ఒక కాలు తీసేశారు. 1999లో రాక్ అండ్ రోల్ గౌరవ మందిరంలో ఇంప్రెషన్స్ సభ్యుడిగా కాక సొంత పేరు మీద ఆయన్ను రెండోసారి చేర్చారు. ఆ ఏడాది చివరనే పోయాడు, 57 ఏళ్లు.

ఆ ఆల్బమ్‌లో మొదటి పాటను ఇప్పుడు మీకు వినిపించబోతున్నాను. ముక్కలుగా పాడినదని చెప్పాను కనుక అతుకుల కోసం వెతుకుతారని తెలుసు, వెతకండి. నేను చాలాసార్లు విన్నాను. పాదం చివర గొంతు సన్నబడి గాలిలో కలిసే చోట ఆయన ఊపిరి అయిపోయిందా, లేక 1963 నుంచీ ఆయన అలాగే పాడేవాడా అన్నది నాకు వేరుపడలేదు.